ఆ రెండు నాలుగో డౌన్లు

2024 జనవరి 28న అమెరికన్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ లాంటి ఆటలో డెట్రాయిట్ లయన్స్ శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో ఓడిపోయిన దగ్గర్నుంచీ మా డెట్రాయిట్ వైపు తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే మాట: "కిక్ కొట్టేసి ఉంటే సరిపోయేది కదండీ!" నోవైలో పుట్టినరోజు పార్టీలో అదే, కాంటన్‌లో సత్యనారాయణ వ్రతంలో అదే, ట్రాయ్‌లో గుడి పార్కింగులో అదే. అంతకు ఆరు నెలల ముందు టచ్‌డౌన్‌కీ ఫీల్డ్ గోల్‌కీ తేడా తెలియనివాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో తీర్పు చెప్పేస్తున్నారు. నేను ఆ తీర్పుతో అప్పుడూ ఏకీభవించలేదు, ఇప్పుడూ ఏకీభవించను. కోచ్ డాన్ క్యాంప్‌బెల్ ఆ రాత్రి నాలుగో డౌన్‌లో తీసుకున్న రెండు నిర్ణయాలూ సబబైనవే. ఆయన చేసిన అసలు తప్పు వేరే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆట తెలియనివాళ్ళకి ముందు నాలుగు ముక్కలు చెప్పాలి. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కోదాన్నీ డౌన్ అంటారు. ఆ నాలుగింట్లో పది యార్డులు ముందుకు జరిగితే మళ్ళీ కొత్తగా నాలుగు వస్తాయి. జరగలేకపోతే ఉన్నచోటే బంతి అవతలివాళ్ళకి పోతుంది. అందుకే మూడు అయిపోగానే కోచ్‌లు జాగ్రత్త పడతారు. గోల్ దూరంగా ఉంటే బంతిని వీలైనంత దూరం తన్నేసి అవతలివాళ్ళని వెనక్కి నెడతారు, అది పంట్. గోల్ స్తంభాలు కిక్కర్‌కి అందే దూరంలో ఉంటే ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తీసుకుంటారు. బంతిని గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు, వెంటనే కొట్టే చిన్న కిక్‌కి ఒకటి, వెరసి ఏడు. నాలుగో డౌన్‌లో కూడా ఆడేద్దామంటే చేతికందే మూడు పాయింట్లని పణంగా పెట్టి ఏడు కోసం వెళ్ళడమన్నమాట. క్రికెట్ చూస్తూ పెరిగిన మన కంటికి అది సెట్ అయిన బ్యాట్స్‌మన్ అనవసరంగా సిక్సర్‌కి పోయి వికెట్ పారేసుకున్నట్టు కనిపిస్తుంది. మనవాళ్ళ కోపం అక్కడే మొదలవుతుందని నా అనుమానం.

ఈ జట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండా ఆ రాత్రి గురించి మాట్లాడలేం. లయన్స్ చివరిసారి లీగ్ ఛాంపియన్లయింది 1957లో, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ని 59-14తో చిత్తుచేసి. అప్పటికి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ అన్నదే పుట్టలేదు. పుట్టాక లయన్స్ దాని గడప తొక్కనే లేదు. 1958లో తమ హీరో క్వార్టర్‌బ్యాక్ (దాడి నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) బాబీ లేన్‌ని పిట్స్‌బర్గ్‌కి పంపించేశారు. పోతూపోతూ ఆయన "యాభై ఏళ్ళు మీరు గెలవరు" అని శపించాడని ఇక్కడ కథ చెప్పుకుంటారు. అన్నాడో లేదో దేవుడెరుగు. కానీ సరిగ్గా యాభయ్యో ఏట, 2008లో, పదహారు ఆటలాడి పదహారూ ఓడిన మొదటి జట్టుగా లయన్స్ చరిత్రకెక్కారు. 1957 తరువాత 2023 సీజన్ దాకా వాళ్ళు గెలిచిన ప్లేఆఫ్ ఆట, అంటే సీజన్ చివర జరిగే నాకౌట్ ఆట, ఒకే ఒక్కటి, 1992 జనవరిలో డాలస్ మీద 38-6. జట్టు మేటి ఆటగాళ్ళు బారీ శాండర్స్ 1999లో, కెల్విన్ జాన్సన్ 2016లో, ఇద్దరూ ఇంకా ఒంట్లో ఆట ఉండగానే రిటైరైపోయారు. నేను కార్ల కంపెనీ ఉద్యోగం మీద ఈ ఊరొచ్చిన కొత్తల్లో, ఆఫీసులో ఒక పెద్దాయన పార్కింగ్ పాస్ ఎక్కడ తీసుకోవాలో చెప్పి, ఆ తరువాత చెప్పిన రెండో విషయం లయన్స్ మీద ఆశ పెట్టుకోవద్దని.

క్యాంప్‌బెల్ ఆ 2008 జట్టులో ఆటగాడు. గాయంతో సీజన్ మొదట్లోనే పక్కకి తప్పుకున్నా, ఆ మచ్చ ఆయనకీ అంటింది. 2021 జనవరిలో కోచ్‌గా తిరిగొచ్చిన మొదటి విలేకరుల సమావేశంలోనే, మమ్మల్ని పడగొడితే లేచేటప్పుడు మోకాటి చిప్ప కొరుక్కుని లేస్తాం అన్నాడు. దేశమంతా నవ్వింది. మొదటి ఏడాది 3 గెలుపులు, 13 ఓటములు, ఒక టై. రెండో ఏడాది మొదటి ఏడు ఆటల్లో ఒక్కటే గెలిచారు. ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నాం. తరువాతి పదింట్లో ఎనిమిది గెలిచి 9-8తో ముగించారు. చివరి ఆట గ్రీన్ బేలో. అది మొదలయ్యే సరికే తమకి ప్లేఆఫ్స్ లేవని తేలిపోయింది, అయినా ప్యాకర్స్‌ని 20-16తో ఓడించి వాళ్ళ దారి కూడా మూసేశారు.

క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ కథ ఇంకో రకం. 2021లో లయన్స్ తమ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి ఇచ్చి, బదులుగా రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే వంతులు), ఒక మూడో రౌండ్ పిక్, గాఫ్‌నీ తీసుకున్నారు. ఆ పేర్లలో గాఫ్‌ది చివరి పేరు అనే అందరి లెక్క. అతని జీతం భారం కూడా మీరే మోయండి అని రామ్స్ తోసేసినట్టు మాట్లాడుకున్నారు. స్టాఫర్డ్ వెళ్ళిన మొదటి ఏడాదే సూపర్ బౌల్ గెలిచాడు.

ఇక 2023 సీజన్. సెప్టెంబర్ 7న మొదటి ఆటే ఛాంపియన్లతో, కాన్సస్ సిటీలో వాళ్ళ జెండా ఆవిష్కరణ నాడు. మొదటి క్వార్టర్‌లో లయన్స్ తమ సొంత 17 యార్డుల గీత దగ్గర, అంటే తాము కాపాడుకోవాల్సిన గోల్‌కి 17 యార్డుల దూరంలో, ఇరుక్కున్నారు. నాలుగో డౌన్, రెండు యార్డులు కావాలి. ప్రపంచంలో ఎవరైనా పంట్ చేస్తారు. క్యాంప్‌బెల్ పంట్ చేస్తున్నట్టు నటించి బంతిని ముందుకు పరిగెత్తించాడు. అది తప్పితే గోల్ ముందు బంతిని పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే. తప్పలేదు. బంతి చేజారకుండా అదే దాడిలో టచ్‌డౌన్. ఆట 21-20తో గెలిచారు. మర్నాడు పత్రికల్లో "తెగువ" అన్న మాట తప్ప ఇంకోటి లేదు.

నవంబర్ 12న లాస్ ఏంజెలెస్‌లో ఛార్జర్స్‌తో ఆడిన ఆట ఇంకా ముఖ్యం, నా వాదన సగం దాని మీదే నిలబడింది. స్కోరు 38-38. రెండు నిమిషాలకి కాస్త తక్కువే మిగిలింది. లయన్స్ అవతలి 26 యార్డుల గీత దగ్గరున్నారు. నాలుగో డౌన్, రెండు యార్డులు. కిక్ కొడితే ముందుకెళ్ళొచ్చు. కానీ ఛార్జర్స్‌కి తిరిగి కొట్టడానికి బోలెడు టైము మిగులుతుంది. క్యాంప్‌బెల్ కిక్ వద్దన్నాడు. గాఫ్ విసిరాడు, కొత్తగా వచ్చిన సామ్ లపోర్టా పట్టుకున్నాడు, గడియారం కరిగించి చివరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టి 41-38తో గెలిచారు. ఆ రాత్రి కూడా మా వాట్సాప్ గ్రూపు మోతెక్కిపోయింది. "ఏం గుండె రా బాబూ" అని ఒకాయన రాశాడు. ఆ మనిషే జనవరిలో "బుర్ర లేని కోచ్" అని రాశాడు. నాలుగో డౌన్, రెండు యార్డులు, 26వ గీత. నాలుగో డౌన్, రెండు యార్డులు, 28వ గీత. మొదటిది ఛార్జర్స్ మీద, రెండోది శాన్ ఫ్రాన్సిస్కో మీద. స్కోరూ టైమూ వేరు, ఒప్పుకుంటాను. కానీ ఆ పొగడ్తకీ ఆ తిట్టుకీ మధ్య ఉన్న తేడా స్కోరు కాదు, టైము కాదు. ఒకదాంట్లో బంతి చేతిలో నిలిచింది, ఇంకోదాంట్లో జారింది. అంతే.

డిసెంబర్ 24న మిన్నెసోటాలో 30-24తో గెలిచి, 1993 తరువాత మొదటిసారి డివిజన్ టైటిల్, అంటే లీగ్‌లో తమ గుంపులో మొదటి స్థానం, పట్టారు. ఆరు రోజుల తరువాత డాలస్‌లో జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆటలో 23 సెకన్లు మిగిలుండగా టచ్‌డౌన్ కొట్టి 20-19కి వచ్చారు. ఒక పాయింటు కిక్ కొడితే సమం. క్యాంప్‌బెల్ కిక్‌కి బదులు బంతిని మళ్ళీ గోల్ గీత దాటించే రెండు పాయింట్ల ప్రయత్నానికి వెళ్ళాడు. ముందే రిఫరీకి చెప్పుకుంటేనే పాస్ పట్టగల లైన్‌మన్ టేలర్ డెకర్ బంతి పట్టుకున్నాడు కూడా. కానీ పాస్ పట్టడానికి అర్హుడిగా రిపోర్ట్ చేసింది డెకర్ కాదు, డాన్ స్కిపర్ అని రిఫరీ జెండా విసిరాడు. వీడియో ఎన్నిసార్లు చూసినా డెకర్ రిఫరీ దగ్గరకి నడిచి వెళ్ళడం కనిపిస్తూనే ఉంటుంది. రెండో ప్రయత్నం అడ్డుకున్నారు కానీ డాలస్ ఆటగాడు ముందే గీత దాటాడు (ఆఫ్‌సైడ్), కాబట్టి ఇంకో అవకాశం వచ్చింది. మూడోది పోయింది. పెనాల్టీతో గోల్ గీత దూరమయ్యాక అయినా కిక్ కొట్టొచ్చుగా అన్నవాళ్ళున్నారు. ఆ మాటలో కొంత న్యాయముంది. ఆ రోజు మాత్రం క్యాంప్‌బెల్‌ది లెక్క కంటే పంతమే ఎక్కువ అనిపించింది నాకు.

అయినా 12-5తో ప్లేఆఫ్స్‌కి వచ్చారు. మొదటి ప్రత్యర్థి ఎవరనుకున్నారు? స్టాఫర్డ్ తిరిగొచ్చాడు, రామ్స్ చొక్కాలో, జనవరి 14న. లయన్స్ సొంత స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ కట్టాక అందులో జరిగిన మొదటి ప్లేఆఫ్ ఆట అదే. పన్నెండేళ్ళు నెత్తిన పెట్టుకున్న మనిషిని జనం ఆ రాత్రి హేళన చేశారు. నాకు నచ్చలేదు. కానీ "జా-రెడ్-గాఫ్" అని స్టేడియం మొత్తం లయగా అరుస్తుంటే టీవీ ముందు కూర్చున్న మా ఆవిడ కూడా గొంతు కలిపింది. ఆవిడకి గాఫ్ ఎవరో ఆ వారమే తెలిసింది! స్టాఫర్డ్ 367 యార్డులు విసిరి అద్భుతంగా ఆడాడు. లయన్స్ 24-23తో గెలిచారు, 32 ఏళ్ళ తరువాత.

ఆ ఒక్క పాయింటు తేడాని కాసేపు చూడండి. రామ్స్ మూడుసార్లు గోల్‌కి ఇరవై యార్డుల లోపలికి వచ్చారు. మూడుసార్లూ ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నారు. మూడు మూళ్ళు తొమ్మిది. బుద్ధిగా, చేతికందిన పాయింట్లు తీసుకుని, ఒక పాయింటుతో ఇంటికెళ్ళారు. రామ్స్ కోచ్ షాన్ మెక్‌వే తప్పు చేశాడని నేను అనను, ప్రతి కిక్‌కీ దాని సందర్భం ఉంటుంది. నేనడిగేది ఒకటే: "అయ్యో, కిక్ కొట్టకుండా ఆడి ఉంటే సరిపోయేది కదా" అని ఆ రాత్రి ఒక్కరైనా అన్నారా? జాగ్రత్తగా ఆడి ఓడితే దురదృష్టం, తెగించి ఆడి ఓడితే మూర్ఖత్వం. ఈ తూకం రాళ్ళు ఎక్కడివో నాకు తెలియదు.

వారం తరువాత టాంపా బేని 31-23తో గెలిచారు. చివర్లో డెరిక్ బార్న్స్ బంతి లాక్కున్నాక డౌన్‌టౌన్‌లో కారు హారన్లు తెల్లవార్లూ మోగాయట. ఇంకొక్క ఆట గెలిస్తే సూపర్ బౌల్.

శాంటా క్లారాలో సగం ఆట అయ్యేసరికి స్కోరు లయన్స్ 24, శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ 7. ఇక్కడో విషయం ఎవరికీ గుర్తుండదు. ఆ 24లో చివరి మూడు పాయింట్లు ఫీల్డ్ గోల్‌వి. గోల్‌కి మూడు యార్డుల దూరంలో, నాలుగో డౌన్, సగం ముగియడానికి కొన్ని సెకన్లు. క్యాంప్‌బెల్ కిక్ కొట్టించాడు! కళ్ళు మూసుకుని ప్రతిసారీ ఆడేసే మనిషయితే అక్కడ కొట్టించడు. ఏ చోట ఏది లాభమో చూసుకునే నిర్ణయించాడు.

విరామం తరువాత ఫార్టీనైనర్స్ మూడు పాయింట్లు తీశారు, 24-10. లయన్స్ మళ్ళీ ముందుకెళ్ళి 28వ గీత దగ్గర ఆగారు. నాలుగో డౌన్, రెండు యార్డులు. అక్కణ్ణుంచి కిక్ అంటే అసలు దూరం 45, 46 యార్డులు. పడితే ఆధిక్యం పదిహేడు, అంటే అవతలివాళ్ళు మూడుసార్లు స్కోరు చెయ్యాలి. ఇది ఎదుటివాళ్ళ వాదనలో బలమైన ముక్క. దీన్ని తీసిపారెయ్యను. కానీ ఆరుబయట ఆ దూరం కిక్ నాలుగింట ఒకసారి తప్పుతుందనుకోండి, తప్పితే బంతి కిక్ కొట్టిన చోటునుంచే, అంటే వాళ్ళకి ఇంకా లాభమైన చోటునుంచి, వాళ్ళకి దక్కుతుంది. ఇటు చూస్తే ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమమైన లైన్‌లలో (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ముందు వరుస) ఒకటి గాఫ్ ముందుంది, కావలసింది రెండే యార్డులు. సాధిస్తే పదిహేడు కాదు, ఇరవై ఒకటి కూడా కావచ్చు, పైగా టైము కరుగుతుంది. ఆ రాత్రి లెక్కలు కట్టినవాళ్ళు చాలామంది ఇది ఇంచుమించు సమానమైన పందెమనే తేల్చారు. గాఫ్ విసిరిన బంతి జాష్ రేనాల్డ్స్ చేతుల్లో పడి జారిపోయింది. నిర్ణయం పని చేసింది, మనిషి ఖాళీగా దొరికాడు, బంతి చేతికొచ్చింది. వేళ్ళు మూసుకోకపోవడానికి కోచ్ ఏం చేస్తాడు?

అక్కణ్ణుంచి మొదలైంది శని. ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ దూరంగా విసిరిన బంతి లయన్స్ ఆటగాడు కిండిల్ విల్డర్ ముఖానికి తగిలి, ఎగిరి, వాళ్ళ బ్రాండన్ అయ్యూక్ చేతుల్లో వాలింది. 51 యార్డులు. ఆ వెంటనే టచ్‌డౌన్. లయన్స్‌కి బంతి వచ్చిన మొదటి డౌన్‌లోనే వాళ్ళ జమీర్ గిబ్స్ బంతి జారవిడిచాడు. మళ్ళీ టచ్‌డౌన్, 24-24. తరువాత రేనాల్డ్స్ ఇంకో బంతి వదిలాడు. మరో మూడు పాయింట్లు, 27-24. వీటిలో ఏ ఒక్కటీ నాలుగో డౌన్ కాదు.

రెండో నిర్ణయం ఏడున్నర నిమిషాలు మిగిలుండగా వచ్చింది. 30వ గీత, మూడు యార్డులు కావాలి. 48 యార్డుల కిక్ కొడితే సమం. ఇక్కడ మనవాళ్ళు "సమం" అన్న మాటని చేతికొచ్చిన డబ్బులా వాడతారు. ముందు ఆ కిక్ పడాలి. పడ్డాక బంతి ఇచ్చేది ఎవరికి? విరామం తరువాత బంతి దొరికిన ప్రతిసారీ, నాలుగుకి నాలుగుసార్లూ, స్కోరు చేసిన జట్టుకి. అలిసిపోయిన మన డిఫెన్స్ మీదకి, ఏడు నిమిషాలు చేతిలో పెట్టి. ఆ సమం ఎంతసేపు నిలిచేది? అక్కడ ఏడు కోసం వెళ్ళడం తెగింపు కూడా కాదు, ఎదురుగా కనబడుతున్నది చూడడం. గాఫ్ మీద ఒత్తిడొచ్చింది, తమ జట్టు సెయింట్ బ్రౌన్‌కి విసిరింది అందలేదు. ఫార్టీనైనర్స్ ఐదోసారి కూడా స్కోరు చేశారు, 34-24. కిక్ పడి ఉంటే ఆ ఐదోసారి ఆగేవాళ్ళని ఎవరైనా నాకు చెప్పగలరా?

ఇప్పుడు అసలు తప్పు. ఆఖర్లో లయన్స్ గోల్‌కి ఒక యార్డు దగ్గరికొచ్చారు. నిమిషం పైన నాలుగైదు సెకన్లు. పది పాయింట్లు వెనక. చేతిలో గడియారం ఆపుకునే మూడు టైమ్‌అవుట్లూ పదిలంగా ఉన్నాయి. మూడో డౌన్. అక్కడ పాస్ విసరాలి, ఎందుకంటే అందకపోతే గడియారం దానంతటదే ఆగుతుంది. క్యాంప్‌బెల్ పరుగు పెట్టించాడు. డేవిడ్ మాంట్‌గోమరీని వెనకే పట్టేశారు, గడియారం తిరుగుతూనే ఉంది, ఆపడానికి ఒక టైమ్‌అవుట్ తగలెయ్యాల్సొచ్చింది. నాలుగో డౌన్‌లో టచ్‌డౌన్ పడింది, 34-31. (అది కూడా నాలుగో డౌనే, నెగ్గింది కాబట్టి లెక్కలోకి రాదు.) మూడు టైమ్‌అవుట్లూ ఉండి ఉంటే బంతిని దూరంగా తన్ని, అవతలివాళ్ళని మూడు డౌన్లలో ఆపి, మళ్ళీ బంతి అందుకునే దారి ఉండేది. రెండే మిగిలాయి కాబట్టి దగ్గర్లో పడేట్టు తన్ని లాక్కునే ఆన్‌సైడ్ కిక్ తప్ప గత్యంతరం లేకపోయింది. అది చాలా అరుదుగా దక్కుతుంది. దక్కలేదు.

ఇందులో అదృష్టం పాత్ర లేదు, బంతి ఎవరి చేతుల్లోంచీ జారలేదు. గడియారం, టైమ్‌అవుట్లు, పాయింట్ల తేడా అన్నీ కళ్ళముందే ఉన్నాయి. ఫలితంతో పని లేకుండా ముందే తప్పని చెప్పగల నిర్ణయం ఆ రాత్రి ఇదొక్కటే. దీని గురించి పార్టీల్లో ఎవరూ మాట్లాడకపోవడానికి కారణం తేలికే. "కిక్ కొట్టాల్సింది" అనడానికి ఆట తెలియక్కర్లేదు. టైమ్‌అవుట్ లెక్క చెప్పాలంటే కాస్త తెలియాలి.

ఆట అయ్యాక క్యాంప్‌బెల్ ఆ రెండు నిర్ణయాలకీ చింతించడం లేదన్నాడు, విమర్శ వస్తుందనీ తెలుసన్నాడు. మళ్ళీ ఇక్కడిదాకా రావడం ఇంతకు రెట్టింపు కష్టమని తన ఆటగాళ్ళకి చెప్పాడు. మరుసటి సీజన్లో పద్ధతి మార్చలేదు. 15-2, ఆ జట్టు చరిత్రలోనే అత్యుత్తమం. అక్టోబర్‌లో డాలస్‌లో కాలు విరిగిన ఏడన్ హచిన్సన్‌తో మొదలుపెట్టి డిఫెన్స్‌లో సగంమంది ఆస్పత్రి పాలైనా అంతదూరం వచ్చారు.

2025 జనవరి 18న సొంత మైదానంలో వాషింగ్టన్ కమాండర్స్ వాళ్ళని 45-31తో ఓడించి పంపించారు. లయన్స్ ఐదుసార్లు బంతి పోగొట్టుకున్న మాట నిజమే. కానీ నాలుగో క్వార్టర్‌లో ఆట ఇంకా మూడు పాయింట్ల తేడాలో ఉండగా, డెట్రాయిట్ గోల్ ముంగిట్లో వాషింగ్టన్‌కి నాలుగో డౌన్ వచ్చింది. చిన్న కిక్. ఎవరైనా కొట్టేస్తారు. వాళ్ళ కోచ్ డాన్ క్విన్ కిక్కర్‌ని పంపించలేదు. కంగారులో లయన్స్ పదకొండు మందికి బదులు పన్నెండు మందితో నిలబడి పెనాల్టీ ఇచ్చుకున్నారు, ఆ వెంటనే బ్రయాన్ రాబిన్సన్ టచ్‌డౌన్ కొట్టాడు. మర్నాడు మా గ్రూపులో అదే పెద్దమనిషి రాసింది చదివాను: "వాషింగ్టన్ కోచ్‌ది ఏం గుండె రా బాబూ."